తీర్మానం నంబరు నాలుగు

రెండో వాగు దాటేసరికి చెప్పులు చేతిలోకి వచ్చాయి,
మూడో వాగు దగ్గర మినిట్స్ పుస్తకం నెత్తి మీదికెక్కింది.
గోపాలపట్నంలో పుట్టినదాన్ని,
రైలు కూతను బట్టి టైము చెప్పగలను గాని
ఏ రాయి జారుతుందో చెప్పలేను.
ముందు నడుస్తున్న వార్డు మెంబరు జెమిలి
వెనక్కి తిరక్కుండానే అంటోంది:
"ఎడమ కాలు. ఇప్పుడు కూడా ఎడమ కాలే."

విశాఖ ఆఫీసు గోడ మీది పటంలో
తేనెగరువు ఒక చుక్క.
దాని మీద ఎవరో టీగ్లాసు పెట్టినట్టున్నారు,
మరక ఊరికంటే పెద్దది.

ఇళ్ళు ఇరవై రెండు.
రాగులు నూర్చే కళ్ళంలోనే గ్రామసభ.
"కోరమంటే ఏటమ్మా?" అన్నాడు సొంబారి తాత.
ఇంతమంది కూర్చుంటేనే మాట చెల్లుతుందన్నాను.
ఆయన మనుషుల్ని లెక్కపెట్టాడు,
కాసేపాగి
కళ్ళం చివర కట్టేసిన మేకల్ని కూడా లెక్కపెట్టి
"సరిపోద్దా?" అన్నాడు.

పైనుంచి వచ్చిన అజెండాలో మూడే అంశాలు.
ఇంటి పన్ను చదివాను, తలలూపారు.
పరిశుభ్రత ప్రతిజ్ఞ చదివాను, తలలూపారు.
ప్లాస్టిక్ నిషేధం చదువుతుంటే
వెనక వరసలో ఒకామె
నీళ్ళు తెచ్చుకునే ఎర్ర బిందెను మెల్లగా
కొంగు కిందికి లాక్కుంది.

అప్పుడు అడిగింది జెమిలి:
"మా ఊరికి ట్యాంకు కట్టేరట కదా, సూపించు."

ట్యాబులో ఉంది ట్యాంకు.
నీలం రంగు, కొత్త కుళాయి,
పక్కన నవ్వుతూ నిలబడ్డ ఎవరో మనిషి.
ఒక్కొక్కరూ వచ్చి చూశారు.
ఒక పిల్లవాడు అద్దం మీద వేలు పెట్టి
కుళాయి తిప్పబోయాడు.
ఆ మనిషి మా ఊరోడు కాడన్నారు,
ఆ కొండా మాది కాదన్నారు.

ఊరి పేరు కూడబలుక్కుని చదివాను.
తేనెలగరువు.
కాగితంలో ఎక్కడో ఒక 'ల' ఎక్కువ పడింది,
నీళ్ళు అటు పోయాయి.

ఎవరూ కోప్పడలేదు. అదే నాకు కష్టమైంది.
జెమిలి మాత్రం చాలాసేపు ఆ అక్షరాన్నే చూసి
"దీని బరువెంతుంటది?
డోలీ కర్ర ఉంది, నలుగురు మగాళ్ళున్నారు,
చెప్పు, దింపేసొస్తారు" అంది.

అజెండాలో లేనిది రాయకూడదు. రాశాను.
తీర్మానం నంబరు నాలుగు:
మా ఊరి పేరును మేము పిలిచినట్టే రాయవలెనని
ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.
అది పసుపు ఉడకబెట్టే రోజులు,
పచ్చని బొటనవేళ్ళ మీద నీలం సిరా
ఆకుల రంగుకు తిరిగింది.
ముప్పై ఒక్క వేలిముద్రలు,
పేజీ నిండా చిగుళ్ళేసినట్టు.

నెల తిరక్కుండా జవాబొచ్చింది,
తేనెలగరువుకి.
మీ ఊరి పేరు సరిగానే ఉన్నది,
అర్జీ పరిష్కరించడమైనది.

ఆ కాగితం సంచిలో పెట్టుకుని మళ్ళీ ఎక్కాను.
రెండో వాగు. మూడో వాగు.
జెమిలి ఏమీ అనలేదు,
ఎడమ కాలే వేశాను.

కళ్ళంలో మనుషులు తక్కువ, పోడుకి పోయారు.
నేను నోరు విప్పకముందే
సొంబారి తాత తువ్వాలులోంచి
తడి ఆరని పిల్లనొకదాన్ని తీసి నేల మీద నిలబెట్టాడు.
"మేక ఈనింది, రాసుకో.
ఇప్పుడు సరిపోద్దా?"