అడిషనల్ షీటు

నల్లగొండ. ఏప్రిల్. స్పాట్ వాల్యుయేషన్.
రేకుల షెడ్డు కింద నలభై బెంచీలు,
పూటకు ఇరవై పేపర్లు.
రెండు ఎర్ర రీఫిళ్లిచ్చి సంతకం తీసుకున్నారు.

పదకొండో ప్రశ్న:
మారుతున్న ప్రపంచ క్రమంలో
యూరప్ విదేశాంగ విధానాన్ని, భద్రతను చర్చించుము.
పది మార్కులు.
కీ ప్రకారం కూటమికి రెండు, సరిహద్దుకు రెండు,
ఇంధనానికి రెండు, స్వయం నిర్ణయానికి మూడు,
ముగింపు వాక్యానికి ఒకటి.

పద్దెనిమిది మందీ ఒకే గైడు చదివినట్టున్నారు,
పోలండును అందరూ హాలండ్ అన్నారు.
చెయ్యి దానంతటదే ఏడు వేస్తూ పోతున్నది.

పంతొమ్మిదోది
నీలి సిరా, ఎడమకు ఒరిగిన రాత:

"యూరప్ ఎనభై ఏండ్లు ఇంకొకరి గొడుగు కింద నిలవడ్డది.
గొడుగు పట్టినాయన ఇప్పుడు చెయ్యి గుంజుతున్నదంటుండు,
కిరాయి లెక్క తీస్తుండు.
సొంతంగ కుట్టుకుందమంటే
ఇరవై ఏడు మంది దర్జీలు, ఒక్కొక్కరిది ఒక్కో కొలత.
బట్ట కోస్తనే ఉన్నరు.
వాన ఆగుతలేదు."

కీలో గొడుగు లేదు.
అయినా ఒక టిక్కు పెట్టాను, చిన్నగా.

"మా అమ్మ సైదమ్మ మందుగుండు కంపెనీల ప్యాకింగు.
నిరుడు దాక ఒక్క షిఫ్టు, ఇప్పుడు మూడు.
పెట్టెల మీద ఊరు పేరుండది, అంకెలే.
యూరప్‌కని సూపర్‌వైజర్ అంటడు,
ఎవలికెరుక అని లారీ డ్రైవర్ అంటడు.
ఏడికి పోయినా
వాళ్లకు భయమైతే మాకు ఓవర్‌టైం.
అమ్మ చేతుల పసుపు ఎంత తోమినా దిగది,
బొట్టు పెట్టకుండనే కంపెనీ పసుపు పెట్టిందని నవ్వుతది.
ఈ పరీక్ష ఫీజు ఆ పైసలతోనే కట్టిన.
కావున యూరప్ భద్రతను నేను చర్చించలేను,
అండ్ల నాకు వాటా ఉన్నది."

కింద గీత కొట్టి, అడిషనల్ షీటు మీద ఒక్క ముక్క:

"శాంతి వస్తే మంచిదే.
చిట్టి ఎత్తుకున్నంక వస్తే ఇంకా మంచిది."

బుచ్చిరాములు సార్ రౌండ్లలో ఉన్నాడు.
పేరు బయటపెడితే మాల్‌ప్రాక్టీసు,
గోధుమ రంగు కవర్లో వేసి పైకి పంపాలి.
కానీ సైదమ్మ అంటే ఎవరు?
జాన్‌పహాడుకు మొక్కి పెట్టుకున్న పేరు,
నేరేడుచర్ల నుంచి దేవరకొండ దాకా గడపకొకటి.
ఆ పేరుతో ఈ జిల్లాలో ఎవరినీ పట్టుకోలేరు.

అవతలి గుట్ట మీద కంకర కోసం పేల్చారు.
రేకులు వణికాయి. ప్లాస్టిక్ గ్లాసులో చాయ్ మీద
ఒక వలయం లేచి అంచుకు తగిలింది.
ఎవరూ తల ఎత్తలేదు.

కూటమి, ఉన్నది. సరిహద్దు, లేదు,
లేదా పెట్టెల మీది ఆ అంకెలేనేమో.
ఇంధనం... ఓవర్‌టైంను ఏ గడిలో వేయాలి?
కీలో ముగింపు "కాలమే నిర్ణయించాలి."
ఈ పిల్ల కాలానికి వాయిదా రాసింది.

ఏడు వేశాను. కొట్టేశాను.
తొమ్మిది వేశాను.

కొట్టివేత పక్కన పూర్తి సంతకం పెట్టాలని రూలు.
పెట్టాను, ఇంటిపేరుతో సహా,
ఆ తల్లి పేరుకు నాలుగు వేళ్ల దూరంలో.

ఇరవయ్యో పేపరు తీశాను.
హాలండ్.