ముందు పలకలు

"కూటికొస్తుందా, గుడ్డకొస్తుందా ఆ భాష?"
ఫోన్లో అడిగాడు అన్న షుర్షో.
వెనక గలీసియా వాన, రేకు కప్పు మీద.
"ఇంగ్లీషుతో గడిచిపోదా రెండేళ్ళు?"
ఇరియా నీళ్ళు నమిలింది.
ప్రశ్న కొత్తది కాదు,
సొంత భాష గురించే విన్నది చిన్నప్పుడు,
బడిలో, బ్యాంకులో, మేనత్త నోట.

తనా బేరు ఒడ్డున
ఓడలు ఇసకలోనే పుడతాయి.
ఆమె ఊళ్ళో ముందు పక్కటెముకలు నిలబెట్టి
తర్వాత పలకలు తొడుగుతారు.
ఇక్కడ తిరగేసిన లెక్క:
ముందు పలకలు,
పలకకీ పలకకీ చెక్క మేకులు,
సందుల్లో చెట్టు బెరడు,
ఒళ్ళంతా తయారయ్యాక అప్పుడు ఎముకలు.
"కాగితం మీద గీత ఏదీ?" అని అడగబోయి
ఆ వాక్యానికి మాటలు లేక ఊరుకుంది.

భాషా అలాగే ఎక్కింది.
వ్యాకరణం లేదు, ఉత్త పలకలు.
కాయు, కర్ర. పాసాక్, చెక్క మేకు.
కాలం మారినా క్రియ మారదు:
నిన్న తిన్నా రేపు తిన్నా ఒకటే మాకాన్.
ఇంత సులువా అని మురిసిన వారానికే
బోల్తా పడింది.

అరటికాయ వేపుళ్ళమ్మే కుర్నియా
రోజూ అడిగేది, "కితా మావు కోపి?"
పుస్తకం చెప్పింది: కితా అంటే మనం,
ఎదుటి మనిషిని కలుపుకున్న మనం.
కామి అంటే మేము,
నిన్ను గుమ్మం అవతలే నిలబెట్టిన మేము.
మీకూ నాకూ ఇందులో వింతేమీ లేదు,
ఇరియా నోట్లో మాత్రం రెండింటికీ
పుట్టినప్పట్నుంచీ ఒకటే మాట.
నాలుగు నెలలు తాగింది ఆ మనాన్ని
కాఫీతో పాటు.
తర్వాత ఎవరో నవ్వుతూ చెప్పారు:
ఈ తీరాన కితా అంటే "మీరు", అంతే.
మర్యాద.
ఆ రాత్రి చేదు నాలిక మీదే ఉండిపోయింది.

పెద్ద వడ్రంగి దాయెంగ్ సిబాలి
ఇంట్లో మాట్లాడేది కొంజో.
ఇండోనేషియన్ ఆయనకూ బడిలో తొడిగిన చొక్కాయే,
భుజాల దగ్గర ఇప్పటికీ బిగుతు.
ఇద్దరూ అరువు మాటల్తో
సమంగా తడబడేవాళ్ళు.
ఒకసారి అడిగింది,
తమ్ముడు సముద్రం మీంచి వచ్చాడా అని.
లేదు అనడానికి తిదాక్ ఉంది.
ఆయన అది అనలేదు.
"బెలుమ్" అన్నాడు, ఉలి పదును చూసుకుంటూ.
ఇంకా లేదు.
ఎన్నాళ్ళయింది?
పదకొండేళ్ళు.
అదే ఇంగ్లీషులో అడిగి ఉంటే
ఆయన "నో" అనేవాడు,
ఆమె "సారీ" అనేది,
పని సాగిపోయేది.

కన్నీటిని వీళ్ళూ కంటి నీరే అంటారు, ఆయెర్ మాత.
తిరగేస్తే మాత ఆయెర్, నీటి కన్ను,
అంటే ఊట.
ఈ సంగతి షుర్షోకి రాసింది.
"బాగుంది. జీతం పెరిగిందా?"

ఓడని నీళ్ళలోకి దించే రోజు
మూడొందల మంది, రెండు మోకులు.
లాగమనే కేక కొంజోలో,
ఒక్క ముక్క అర్థం కాలేదు.
నేర్చుకున్నదంతా చెప్పులతో పాటు ఒడ్డున వదిలి
లాగింది.
ఓడ జానెడు కదిలింది.
చాలాసేపటికి మరో జానెడు.
మధ్యాహ్నానికి అరచేతులు చీరుకుపోయాయి.
వెనక కుర్నియా, ఒంటి బరువంతా తాడు మీద వేసి,
"కితా చాపెక్?"
అలిసిపోయారా?
అలిసిపోయామా?
ఏ కితా అని అడగలేదు ఇరియా.
"బెలుమ్" అంది.
తాడు బిగిసింది.