గేట్లు ఎత్తిన ఆదివారం

హిమాయత్ సాగర్ గేట్లు ఎత్తిన్రని
పొద్దుగాల పాలప్యాకెట్ల తోటే కబురొచ్చింది.
మా గల్లీకి అంతకన్నా ఏం కావాలె.
సర్వర్ పాషా ట్రాలీ ఆటో తీసిండు.
నిన్నటిదాకా దాన్ల సిమెంటు బస్తాలు,
ఇయ్యాల ఇరవై ఇద్దరం మనుషులం,
రెండు చాపలు, ఒక కుక్కర్, చిల్లు పడ్డ గొడుగు.

నేను కరెంటు మీటర్లు చూసేటోణ్ణి.
ఒక్కొక్క ఇల్లు నాకు ఒక అంకె.
జహీరా ఆపా నూట నలభై యూనిట్లు, కుట్టుమిషను కలిపి.
దశరథం సారు ముప్పై ఆరు,
దీపం ఆర్పి కూసునే మనిషి.
తలుపులు అరచెయ్యంత తెరుచుకుంటయి,
బిల్లు తీసుకుంటయి, మూసుకుంటయి.
పదకొండేండ్లల వాళ్ళ వంటల వాసన తెలిసింది గానీ
రుచి తెల్వది.

అత్తాపూర్ దాటంగనే గాలి మారింది.
నిన్న వానను తిట్టిన నోళ్ళే
ఇప్పుడు మబ్బును బతిమాలుతున్నయి,
ఇంకో గంట ఆగమని.
కట్ట మీద అప్పటికే సగం పట్నం ఉన్నది.
మక్కకంకుల పొగ, బుగ్గలమ్మే పిల్లగాడు,
విజిల్ ఊది ఊది ఆఖరికి
తనే ఫోన్ తీసి ఫోటో కొట్టుకున్న పోలీసాయన.

గిర్నీ మూతి నుంచి జొన్నపిండి దూకినట్టు
గేట్ల కింద నీళ్ళు.
కొంచెంసేపు ఎవరూ మాట్లాడలే.
మాట్లాడినా వినరాదు.

నూకరత్నం ఒక్కతే వెనక నిలబడ్డది.
ఉప్పాడ నుంచి వచ్చి మా గల్లీ మొగదల
చేపలమ్మే మనిషి.
వాళ్ళ ఇంటి ముంగట రోడ్డును
సముద్రం రెండుమాట్ల మింగిందని చెప్తది,
పొరుగామె చక్కెర అప్పు తీర్చలేదన్నంత మామూలుగ.
"ఏటమ్మా, దీన్నా మీరు సాగరం అంటారు?
కెరటం ఏదీ? పోటేదీ?
ఉప్పైనా ఉందా దీనికి?"

ఏం చెప్తం.
సముద్రం లేని ఊరు మాది.
కట్ట కట్టి ఆపుకున్న నీళ్ళకల్లా
సాగర్ అని పేరు పెట్టుకున్నం,
చూడని చుట్టం పేరు బిడ్డకు పెట్టుకున్నట్టు.

ఆపా మనవడు ఇమాద్
కంకికి రాయంగ మిగిలిన ఉప్పుకారం పొట్లం పట్టుకొని
అవతల, నీళ్ళు మెల్లగున్న బండల కాడికి దిగిండు.
అంతా వొంపేసిండు.
"ఇప్పుడు చూడు ఖాలా."

ఆమె వంగింది.
దోసిట్ల ముంచి, నాలిక అంచుకు తాకిచ్చి,
చానాసేపు ఆలోచించి,
కోర్టుల సాక్షి చెప్పినట్టు చెప్పింది:
"కారం ఎక్కువైంది."

గల్లీ గల్లీ నవ్వింది.
దశరథం సారు గూడ.
ముందటి రెండు పండ్లు లేవని అప్పుడే చూసిన.

చాపలు పరిచినం.
ఆపా ఖుబూలీ, రత్నం చేపల ఇగురు,
సారు డబ్బాల నాలుగు జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు.
నాలుగు రొట్టెలు తునకలు తునకలయి
ఎన్ని చేతులు తిరిగినయో నా లెక్కకు అందలే.
తింటుంటే తింటుంటే అడిగిన,
అంత పొదుపెందుకు సారూ, ముప్పై ఆరు యూనిట్లేంది అని.
"పొదుపు గాదు నాయనా.
దీపం ఆర్పితే మీ అందరి ఇండ్ల చప్పుడు
మంచిగ వినవస్తది."
అని ముల్లు ఏరుకునుట్ల పడ్డడు.

మబ్బు మాట తప్పింది.
ఉన్న ఒక్క గొడుగు కుక్కర్ మీద పట్టినం.
తడుస్తనే ట్రాలీ ఎక్కినం.
పాషా తలకాయలు లెక్కబెట్టిండు.
ఇరవై మూడు.
మళ్ళ లెక్కబెట్టిండు. ఇరవై మూడే.
మూలకు, మా కుక్కర్ ఒళ్ళె పెట్టుకొని
ఎవరో కొత్తాయన.
కాటేదాన్ల దింపితే చాలన్నడు.
ఎవరు ఎక్కించిన్రో ఎవరూ అడగలే.
నూకరత్నం జరిగి జాగ ఇచ్చి
ఇగురు మిగిలింది, తింటవా అన్నది.