ఓపీ చీటీ

ఎంజీఎం కిటికీ కాడ పిల్లగాడు
తలెత్తకుండనె అడిగిండు: పేరు?
నోటికొచ్చింది చెప్పిన.
చిలువేరు భిక్షపతి.
వయసు? యాభై ఎనిమిది.
ఊరు? ఈడనే, కొత్తవాడ.

బల్ల మీద కూసున్నంక సూసిన చీటీని.
'మగ' అని రాసుంది.
వచ్చింది మాత్రం నేను,
నా నడుము, నా కళ్ళు తిరుగుడు,
మూడు నెల్ల సంది నిద్రల మొద్దుబారుతున్న నా ఎడమ చెయ్యి.

లైను గేటు దాక ఉంది. మళ్ళ నిలబడే ఓపిక లేదు.
భిక్షపతీ, అని పిలిస్తె నేనే లేచిన.
డాక్టరమ్మ చీటీ సూసింది, నన్ను సూసింది.
భిక్షపతి మీరేనా?
నవ్వొచ్చింది. నవ్వుకుంట నవ్వుకుంటనే
ఏడ తప్పిపోయిన్నో, కొంగు తడిసింది.

రెండేండ్లాయె.
ఆయన గోలీలు, ఆయన మూత్రం సంచి,
ఆయన జావ చల్లారేదాక ఊదుడు,
రెండు గంటలకోపాలి పక్కకు తిప్పుడు.
నా అన్నం ఎప్పుడు చల్లారుతదో ఎన్నడు సూడలె.
కళ్ళద్దాల కాడ ఇరిగితె దారం కట్టుకున్న,
ఆయన జంపఖానాల మిగిలిన ఎర్ర దారం.

రోజు ఒక గంట నడువుమన్నది డాక్టరమ్మ.
ఒక్కదాన్నే.
ఆ మందు ఏ దుకాణంల దొరుకుతదమ్మా, అని అడగబోయి ఊకున్న.

ఆటోల వస్తుంటె యాదికొచ్చింది,
చెయ్యి ఆడిన దినాల్ల ఆయన పని.
పోగు తెగితె మగ్గం ఆపేటోడు.
షావుకారు మనిషి గుమ్మంల నిలబడ్డా ఆపేటోడు.
తెగింది సూడకుండ నేసుకుంట పోతె
పెరిగేది గుడ్డ కాదే, బొక్క, అనేటోడు.
నేను పక్కన కండెలు చుట్టుకుంట
ఉత్తగ ఊ కొట్టిన.

ఎదురింటి సుగుణను అడిగిన.
అడిగెతందుకు నాలుగు దినాలు పట్టింది,
చారెడు ఉప్పడిగినట్టు కాదు గద.
మంగళారం, శుక్రారం, సందెకొక్క గంట కూసో చెల్లె.
గింతదానికేందక్కా, అన్నది.
రెండేండ్లు నేను మోసింది
ఆమె నోట్ల గింతదయ్యింది.

జబ్బు ఆయన మాటలన్ని ఊడ్చుకపోయి
ఒక్కటే ఇడిచిపెట్టింది: పో.
దూపైతె పో. నొప్పైతె పో.
తినిపిస్తుంటె పో, తుడుస్తుంటె పో.
ఎన్ని రాత్రులో ఆ మాట మీద అలిగిన.
ఏడికి పోవాలె నేను, అని గోడ నడిగిన.

ఇయ్యాల మంగళారం.
చెప్పులేసుకొని గడప కాడ ఆగిన.
చిన్న వడ్డెపల్లి చెరువు కట్ట దాక పోయొస్త, అని చెప్పిన.
దిండు మీద మెల్లగ మొకం తిప్పిండు.
పో, అన్నడు.

కట్ట మీద గాలి కొడుతున్నది.
బండి కాడ ఉడుకుడుకు సర్వపిండి తీసుకున్న,
నువ్వులు నాలుక మీద చిటపటమన్నయి.
సగం తిన్నంక
మిగిలిన సగం కాగితంల చుట్టబోయిన.
చెయ్యి ఆగింది.

మొత్తం తిన్న.