గురిగింజ ఎత్తు

ఇంట్లో తూటాలు నింపుకుంటే
నిజంగా ఏమైనా మిగులుతుందా
అని అడిగాను వెర్లిన్ హౌగన్ని.
జవాబు చెప్పలేదు.
నా వైపు స్టూలు జరిపాడు.

హ్యూరాన్‌లో జనవరి.
గరాజ్ తలుపు సందులోంచి గాలి
మంచుపొడిని నాలుకలా లోపలికి చాస్తోంది.
హీటర్ లేదు.
మందున్న గదిలో నిప్పు కూర్చోకూడదంటాడు.
వేళ్ళు కత్తిరించిన ఉన్ని తొడుగులు,
ముక్కు కొసన జారుతున్న కళ్ళద్దాలు.

నేనూ మందుల మనిషినే.
మెయిన్ స్ట్రీట్ ఫార్మసీలో ఇరవై రెండేళ్ళుగా
బీపీకి, షుగరుకు, పట్టని నిద్రకు
లెక్కపెట్టి ఇస్తున్నాను.
ఈ మందు వేరు. బూడిదరంగు రేకులు.
దీన్ని గ్రెయిన్లలో తూస్తారన్నాడు.
నాకు గింజలనే వినబడింది.

ప్రొద్దుటూరులో మా పెదనాన్న
బంగారాన్ని గురిగింజలతో తూచేవాడు.
ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టేవాడు.
వెర్లిన్ కూడా బిగబట్టాడు.
ఆ గింజ పేరులోనే గురి ఉందని
ఇన్నాళ్ళకు, ఈ చలిలో, నాకు తట్టింది.

మీట దించితే బల్ల మూలుగుతుంది.
కాలిన ప్రైమర్ ఊడి డబ్బాలో టంగుమంటుంది.
కొత్తది, మందు, ప్లాస్టిక్ వత్తు,
గలగలమని సీసపు రవ్వలు.
చివరికి మూతి మడత,
కజ్జికాయ అంచు తిప్పినంత ఓపికగా.

సరే, లెక్క.
లెక్క ఆర్డిత్ చెప్పింది, కాఫీ తెచ్చి.
ధాన్యం గిడ్డంగిలో ముప్పై ఏళ్ళు పద్దులు రాసిన మనిషి,
ఆవిడ నోట సున్నా కూడా బరువే.
"పెట్టెకు డాలరు ఎనభై మిగులుస్తాడు.
మిగిలింది కదా అని ఇంకో పెట్టె కాలుస్తాడు.
నువ్వు కొత్త యంత్రం కొంటే, డాక్,
దాని అప్పు తీరడానికి
ఏడు వేల సార్లు మీట దించాలి.
సీసం ధర ఇంకా పెరగకపోతేనే."
కప్పులు పెట్టి వెళ్ళిపోయింది.

వెర్లిన్ నవ్వి నోటుబుక్కు తెరిచాడు,
ఏ గుల్లలో ఎంతో చూపిద్దామని.
పెన్సిల్ అంకెలు, నూనె వేలిముద్రలు.
ఒక పేజీలో, కిందటి మార్చి:
"ఆ. భుజం. ఇంకొంచెం తగ్గించాలి."
దాని కింద, "ఇంకొంచెం."
దాని కింద, "సరిపోయింది. చెప్పొద్దు."
బొటనవేలు తొందరగా పేజీ తిప్పేసింది.

ఆపరేషనైన భుజం అది.
ఏప్రిల్ నుంచి ఆవిడ నొప్పి మాత్రలకు రాలేదు.
మా సీసాల వల్లేననుకున్నాను నేను.
అంత మెత్తని తూటా దుకాణంలో దొరకదు.
నేను అడగలేదు.
ఒకరి చీటీ గుట్టు ఇంకొకరికి చెప్పకపోవడం
నా జీతంలో సగం.

మే నెల, ఆదివారం, క్లబ్బు మైదానం.
ఆర్డిత్ ఇరవై ఐదు మట్టి పలకల్లో
ఇరవై మూడు పగలగొట్టింది.
"చూశావా డాక్, భుజం దానంతటదే కుదురుకుంది.
ఇంకా ఆ గరాజ్‌లో చలికి చచ్చే పనేముంది చెప్పు?"
ఏమీ లేదన్నాను.

నేను యంత్రం కొనలేదు.
జేబు గుల్ల చేసుకుని కొన్న పెట్టెతో
వరసలో నిలబడ్డాను. తొమ్మిది తగిలాయి.
నా వెనక గడ్డిలో, ఇంకా వెచ్చగా ఉండగానే,
నా గుల్లలు ఒక్కొక్కటీ ఏరి
కోటు జేబులో వేసుకుంటున్నాడు వెర్లిన్,
ఇవి మంచి రకం, పారేయకు, అంటూ.