వినేంత నీళ్ళు

గేటు తాళంచెవి పాలపొడి డబ్బాలో ఉంటుంది.
డబ్బా ఎక్కడుంటుందో ఆపోల్స్‌కే తెలుసు.
గొర్రెల మందు వాసన చేతులతో వచ్చి
ముగ్గుర్నీ పైనుంచి కిందికి చూశాడు.
"నీళ్ళున్నాయా పైన?" మర్టిల్ అడిగింది.
"చూసేంత లేవు," అన్నాడు,
"వినేంత ఉన్నాయి."

కరూలో వాన ముఖం చాటేసి ఇది నాలుగో ఏడు.
గాలిమర తిరుగుతూనే ఉంది, అలవాటు కొద్దీ,
ఎండిన తొట్టిలోకి తన నీడనే తోడిపోస్తూ.

గంట నడక, అంతే.
డెబ్బై మూడేళ్ళ దోర్తియాకు గంటన్నర.
మనవడు ఎల్రికోకి దారి కంటే లెక్క ముఖ్యం:
రాతికుందేళ్ళు రెండు,
తాబేలు డిప్ప ఒకటి, లోపల తాబేలు లేదు,
బల్లి ఒకటి, తోక లేదు కాబట్టి ముప్పావు.

మొదటి మలుపులోనే వాడి బూటు నోరు తెరిచింది.
మర్టిల్ తన నర్సు సంచిలోంచి పట్టీ తీసి
బూటుకు కట్టు కట్టింది.
"రెండ్రోజులు తడవనివ్వకు," అంది,
జలపాతానికి పోతున్న బూటుతో.

ఏటి ఒడ్డున కాదు, ఏట్లోనే నడిచారు.
తెల్లటి గుండ్రాళ్ళు.
ఒకప్పటి నీళ్ళ తొందరంతా వాటి నునుపులో ఉంది.
వీపు మీద ఎండ, ఎవరో మరిచిపోయిన ఇస్త్రీపెట్టె.
పక్కన కలబందలు
చెయ్యి బదులివ్వని ఆసాముల్లా
తమలోకి తాము ముడుచుకొని.

లోయ ఇరుకై నీడ మొదలైన చోట
దోర్తియా ఆగింది. ఆయాసం అనుకున్నారు.
చెయ్యెత్తి "ష్" అంది.
ఏమీ వినపడలేదు.
ఏమీ వినపడకపోవడాన్ని చాలాసేపు విన్నారు.

కొండకు అడ్డంగా కాదు, నిలువునా ఒక నల్లటి చార,
నీళ్ళున్నప్పటి వెడల్పు అది.
చార నడుమ ఒక్క దారం.
సగం దిగేసరికి గాలి దాన్ని తెంపుకుని ఎటో పోయేది.
మళ్ళీ గుర్తొచ్చినట్టు వచ్చి
ఒకటి రెండు చుక్కలు రాతిమీద పడేసేది.

ఎల్రికో తల వెనక్కి వంచి చూశాడు.
నాలుకను అంగిలికి అంటించి, లాగి,
ప్చ్ అన్నాడు.
బస్సు తప్పిపోతే, పాలు విరిగిపోతే
మనం అంటామే, అదే.

దోర్తియా గిరుక్కున తిరిగింది.
"మళ్ళీ అను."
తిడుతుందనుకున్నాడు.
"అనరా."
ప్చ్.
ఆమె పై పళ్ళ సెట్టు తీసి జేబులో వేసుకుంది.
ఆ చప్పుడును ముందు పెట్టి
వెనకాల రెండు అచ్చులు చేర్చింది.

ఈ చోటి పేరు.
మ్యాపులో ఉన్నది కాదు, అది ఎవరో సర్వేయరు భార్యది.
ఇది అమ్మమ్మ ఇక్కడ ఉన్ని కడుగుతూ అన్నది.
అరవై ఏళ్ళుగా నోట్లో ఏ మూల ఉందో
ఆమెకే తెలీదు.
"ఆ భాషలో ఇంకో మాట?" అడిగింది మర్టిల్.
"లేదు. మిగతావి పోయాయి,"
కంచె దాటిన గొర్రెల సంగతి చెప్పినట్టు.

దాన్ని నేనిక్కడ రాయలేను.
యాభై ఆరు అక్షరాల్లో దానికి చోటు లేదు.
ప్చ్ అని రాసినా, అది నోటికి పెట్టిన మూత.
మీరే ఒకసారి అనండి,
ఎవరూ చూడకుండా,
ఈసారి ఏదీ పోగొట్టుకోకుండా.

వాడు రేకు గ్లాసు పట్టుకుని
గాలి వెంట పరిగెత్తాడు.
టక్. చాలాసేపటికి ఇంకో టక్.
బూటు కట్టు తడిసింది.
వేలెడు నీళ్ళకు ముప్పావుగంట.
తెచ్చి, కింద ఎండిపోతున్న మడుగులో
తోకకప్పల మీద పోసేశాడు.
"ఒరే, అది టీకి!" అంది దోర్తియా.

తిరిగొచ్చేసరికి ఆపోల్స్ డబ్బాతో నిలబడి ఉన్నాడు.
"విన్నారా?"
ఎల్రికో ఆ పేరు చెప్పబోయాడు.
మొదటి చప్పుడు వచ్చింది, అచ్చులు రాలేదు.
ఆపోల్స్ వాడి భుజం తట్టాడు.
"బాధపడకు. వానపడ్డాక రా,
అప్పుడు చూద్దువుగాని."
పిల్లాడు నాయనమ్మకేసి చూశాడు.
ఆమె నోటికి చెయ్యడ్డం పెట్టుకుని నవ్వుతోంది,
పళ్ళింకా జేబులోనే ఉన్నాయి.