మంచు గురించి చట్టంలో లేదు

మా సరస్సులో సీలుని మేం నోర్పా అంటాం.
తాత రోజుల్లో దాని దవడకి రేటుండేది.
గోనెసంచిలో వేసుకుని స్కీల మీద
పంచాయతీ ఆఫీసుకి పోతే
గుమాస్తా ఎముకలు లెక్కపెట్టి డబ్బిచ్చేవాడట.
మా నాన్న మొదటి బూట్లు ఆ డబ్బువే.

తర్వాత అదే ఆఫీసు, అదే బల్ల,
సిరాబుడ్డి కూడా అదేనేమో,
నోర్పాని చంపితే జరిమానా అని కాగితం అంటించారు.
తాత చదివి, టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.
"నిన్నటిదాకా దొంగ, ఇవాళ దొరబిడ్డ" అన్నాడు.
నోర్పాకి మాత్రం ఏ కబురూ అందలేదు.
ఎప్పట్లాగే ఊపిరి కోసం తలెత్తి
తుపాకీ కోసం చుట్టూ చూసింది.

నా వంతుకి వలల మీద పడ్డారు.
ఏప్రిల్ సగం నించి జూన్ ఆఖరు దాకా
నీళ్ళలో వల దించకూడదు.
మీటింగులో అందరికన్నా గట్టిగా అరిచింది నేనే,
హిల్కా రీసనెన్‌ని:
"మా ఇంట్లో పొయ్యి మీదకి మీ కాగితం వస్తుందా?"

ఎందుకంత గట్టిగా అరిచానో ఎవరికీ చెప్పలేదు.
దానికి రెండేళ్ళ ముందు, మే నెలలో
వల లాగితే బరువుగా వచ్చింది.
పిల్ల. కళ్ళు తెరిచే ఉన్నాయి.
చేతితొడుగు తీసి మీసాలు ముట్టుకున్నాను.
రాయి కట్టి వదిలేశాను.

ఇప్పుడు జనవరిలో వాన.
గూడు తొలుచుకోడానికి నోర్పాకి దిబ్బ కావాలి,
దిబ్బకి మంచు కావాలి.
నేనూ, బడిపంతులు విల్ప్పూ, ఆనాటి ఇన్‌స్పెక్టరు కూతురూ
పారలతో గడ్డకట్టిన సరస్సు మీద
ఉన్న కాస్త మంచునీ పోగేస్తున్నాం,
పేదింటి పెళ్ళికి బియ్యం పోగేసినట్టు.
చట్టం తిరగేసి చూశాను.
వల ఉంది, పడవ ఉంది,
ఒడ్డుకి ఇల్లు ఎంత దూరం ఉండాలో ఉంది.
మంచు లేదు.

వలల గడువు ఈ ఏడుతో తీరిపోతుందట.
రెండు వారాలు తగ్గించమని కుర్రాళ్ళు అర్జీ తెచ్చారు,
పొడిగించమని ఇంకెవరో.
రెండూ వంటింటి బల్ల మీదే ఉన్నాయి, కాఫీ కప్పు కింద.
అడుగున ఆఫీసు సీలు వేయడానికి
గుండ్రంగా చోటు వదిలారు,
మంచులో ఊపిరి కంతంత.

చూరు నించి నీళ్ళు కారుతున్నాయి.
పార పిడి వదులైంది.
పడుకునేలోపు మేకు కొట్టాలి.